ఉంగరం చప్పుడు

ఆ వేసవి సెలవుల్లో మా విమానాల్లో ఒక్క సీటూ ఖాళీగా ఎగరలేదు. సెలవులొస్తే జనానికి రెక్కలొస్తాయి, వాళ్ళని మోసే మాకు నడుములు పడిపోతాయి. రోజుకి నాలుగుసార్లు ఎగరడం, నాలుగుసార్లు దిగడం, ఎక్కించుకున్నప్పుడల్లా నూట ఎనభై మంది మొహాల్లోకి చూసి నవ్వడం. పద్దెనిమిదేళ్ళుగా అదే నా ఉద్యోగం. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఆ వేసవి గట్టెక్కితే నేల మీద పని ఇస్తామన్నారు, కొత్తగా చేరే పిల్లలకి పాఠాలు చెప్పే పని. ఆ కాగితం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న రోజులవి.

ఇంటికొచ్చాక నాకు ఇంకో డ్యూటీ ఉండేది. భోజనాల దగ్గర ఆ రోజు ప్రయాణికుల కబుర్లు చెప్పాలి. అవి లేకపోతే మా అత్తయ్యకి ముద్ద దిగదు. తుంటి ఎముక అరిగి, కర్ర లేకుండా గుమ్మం దాటలేని మనిషి. లోకాన్నంతా నా నోటితోనే చూసేది.

"ఇవాళ ఎవరమ్మా?" అని కంచం ముందు కూర్చోగానే అడిగేది.

"ఇవాళ పాదాలాయన అత్తయ్యా. చెప్పులిప్పేసి, ముందు సీటావిడ మోచేతి పక్కకి కాళ్ళు దూర్చాడు. ఆవిడ ఏదో మెత్తగా తగిలిందని చూసుకుంటే బొటనవేలు!"

"ఛీ ఛీ! నువ్వేమన్నావు?"

"సార్, మీ కాళ్ళు అన్నాను. అవును, నావే, ఏం? అన్నాడు."

అత్తయ్య పొలమారేలా నవ్వేది. అలా మా ఇంట్లో చాలామందికి పేర్లుండేవి. చక్రాలు నేలకి తగిలీ తగలకముందే లేచి, తలుపు తెరవడానికి ఇంకా పావుగంట పడుతుందని తెలిసినా నెత్తిన సంచితో మెడ వంచుకుని నిలబడే నిటారు మావయ్య. ఫోన్లో సినిమాని విమానమంతటికీ వినిపించే దానకర్ణుడు. భోజనం పెట్టుకునే బల్ల మీద పిల్లాడి గుడ్డలు మార్చే తల్లి. వెనకవాడి ఒళ్ళో పడేలా సీటు వాల్చేసి గురకపెట్టే పెద్దమనిషి.

వీళ్ళందరినీ మళ్ళీ బతికించి చూపించేది మా ఆయన. ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. మా వీధిలో అంత మర్యాదస్తుడు లేడని పేరు. లిఫ్టులో ముందు ఎదుటివాళ్ళని ఎక్కనిస్తారు, చెత్త తీసుకెళ్ళే మనిషిని కూడా మీరు అంటారు. కానీ నేను చెప్పిన ప్రయాణికుణ్ణి పట్టుకున్నారంటే అచ్చు వాడే దిగినట్టుండేది. అన్నిట్లోకీ ఆయనకిష్టం చిటికెలాయన. తల ఓరగా పెట్టి, కనుబొమ్మ ఎత్తి, గాల్లో రెండు చిటికెలు వేసి "హలో, ఇక్కడ కూడా మనుషులున్నారు!" అనేవారు. అత్తయ్యా నేనూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

నవ్వు ఆగాక, కుడిచేతి ఉంగరంతో స్టీలు గ్లాసు అంచు మీద మూడుసార్లు కొట్టేవారు. టిక్, టిక్, టిక్. నేను లేచి నీళ్ళు తెచ్చేదాన్ని. ఆయనకి చన్నీళ్ళు పడవు, గొంతు పట్టేస్తుంది. అందుకని కాస్త వేణ్ణీళ్ళు కలిపి ఇవ్వాలి. పెళ్ళయిన రోజు నుంచీ అంతే. అదొక పిలుపని గానీ, నేను లేవడం ఒక పని అని గానీ మా ముగ్గురిలో ఎవరికీ ఎప్పుడూ తోచలేదు.

పరీక్ష పేపర్లు దిద్దడానికి ఏటా వేసవిలో ఆయన వేరే ఊరు వెళ్ళి పదిరోజులు ఉండాలి. నా ఉద్యోగం పుణ్యమా అని మా ఇంటివాళ్ళకి విమానంలో దాదాపు ఉచితంగా వెళ్ళే వీలుంది. దాదాపు అనడం ఎందుకంటే, అందరూ ఎక్కాక మిగిలిన సీటే మాది. మంచి బట్టలు వేసుకోవాలి, ఏదీ అడగకూడదు, దేనికీ సణగకూడదు. చివరి నిమిషంలో టికెట్ కొన్నవాడెవడైనా వస్తే లేచిపోవాలి. ఒకసారి ఆయన బెల్టు కూడా పెట్టుకున్నాక దింపేశారు. సంచి పట్టుకుని అందరి మధ్య నుంచి దిగుతూ "మరేం పర్లేదు" అన్నారు. ఏళ్ళ తరబడి ఆయన అన్న ఆ మరేం పర్లేదులన్నీ ఎక్కడ దాచుకున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడాది, ప్రయాణానికి వారం ముందు, ఫోన్ నా ముందు పెట్టి టికెట్ చూపించారు.

"కొన్నాను. మొదటి వరుస, నడవ పక్క సీటు. నువ్వు డ్యూటీలో ఉండే విమానమే."

"ఎందుకండీ అంత ఖర్చు? సీటు దొరికేదేమో."

"దొరికేదేమో, దొరక్కపోయేదేమో. ఒక్కసారి మనిషిలాగా ఎక్కుతాను. ఇంకోమాట. నేను మీ ఆయన్నని అక్కడెవరికీ చెప్పకు. నేను ప్యాసింజర్ని, అంతే."

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. పనిచేసే విమానంలో ఇంటివాళ్ళు ఎక్కితే ముందే పై ఆఫీసరుకి చెప్పాలి. చెప్పకపోతే అది పెద్ద తప్పు కింద లెక్క. గంట ప్రయాణానికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఆయన ముచ్చట కూడా నాకు అర్థమైంది. ఆ ఉదయం కొత్త చొక్కా వేసుకుని, పౌడరు రాసుకుని, అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంటుంటే ముద్దొచ్చారు కూడా.

ఆ రోజు నాతో ముందు భాగంలో పనిచేసేది పిట్ట. అసలు పేరు వేరే. పై అరలు అందక మునివేళ్ళ మీద లేస్తుందని అందరం అలా పిలిచేవాళ్ళం. చేరి ఐదు నెలలైంది, ఇంకో నెల గడిస్తే ఉద్యోగం ఖాయం. ఇంటికి ఆ పిల్ల జీతమే ఆధారం. నన్ను పనిలో మేడం అనేది, పని అయ్యాక అక్కా అనేది. దానికి పని నేర్పింది నేనే. "గొడవపెట్టేవాడి మొహం చూడకు, సీటు నంబరు చూడు. మొహం చూస్తే భయమేస్తుంది, లేకపోతే జాలేస్తుంది. నంబరుకి రెండూ ఉండవు" అని చెప్పేదాన్ని. "బెల్టు లైటు వెలుగుతుంటే రాజైనా సరే, నీళ్ళు లేవు" అని కూడా.

మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళు కాళ్ళ దగ్గర సంచి పెట్టుకోకూడదు. ముందు సీటు ఉండదు కాబట్టి సంచి జారి దారికి అడ్డం పడుతుంది. నేను తలుపు దగ్గర కాగితాలు చూసుకుంటుంటే వెనక పిట్ట గొంతు వినబడింది.

"సార్, మూడోసారి చెప్తున్నాను. సంచి పైన పెట్టాలి సార్."

"నేను టికెట్ కొన్నానమ్మా. ఊరికే రాలేదు."

"అందరూ కొన్నారు సార్."

తిరిగి చూశాను. పిట్ట సంచి ఎత్తబోతోంది. మా ఆయన చెయ్యి దాని మణికట్టు చుట్టూ ఉంది. ఉంగరమున్న చెయ్యి. ఒక్క క్షణం, అంతే, వదిలేశారు. పిట్ట సంచి పైన పెట్టి, మణికట్టుని యూనిఫారానికి రుద్దుకుని, పక్క సీట్లాయన్ని బెల్టు పెట్టుకోమంది. నేను అప్పుడే రెండడుగులు వేసి ఉండాల్సింది. తలుపు వెయ్యాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తలుపు ఎటూ పారిపోదు.

పైకి వెళ్ళాక మబ్బుల్లో కుదుపులు మొదలయ్యాయి. బెల్టు లైటు ఆరలేదు. నేనూ పిట్టా తెర వెనక మా సీట్లలో బెల్టులు పెట్టుకుని కూర్చున్నాం. మొదటి వరుస నుంచి గంట మోగింది. పిట్ట గోడ పట్టుకుని వెళ్ళి, లైటు ఆరగానే నీళ్ళు తెస్తానని చెప్పి వచ్చింది. మళ్ళీ గంట. మళ్ళీ వెళ్ళింది. "నీకు పని నేర్పిందెవరమ్మాయ్?" అన్న మాట నాకు తెర ఇవతలికి స్పష్టంగా వినబడింది. పిట్ట వచ్చి, పెదవి కొరుక్కుని కూర్చుంది.

"పోనీలే, సీటు ఒకటి సి కదా, రిపోర్టు రాసేద్దాం" అంది నాతో, నేను నేర్పినట్టే.

అప్పుడు గంట మోగలేదు. సీటు చేతికున్న లోహపు అంచు మీద ఉంగరం తగిలింది. టిక్, టిక్, టిక్.

నేను లేచాను.

బెల్టు ఎప్పుడు తీశానో గుర్తులేదు. గ్లాసులో నీళ్ళు పోసి, వేడినీళ్ళ కుళాయి తిప్పి కాస్త కలిపి, ఊగుతున్న నేల మీద రెండడుగులు వేసి, ఆయన చేతికిచ్చాను. ఆయన తాగి, నా మొహంలోకి చూసి "థాంక్యూ మేడం" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నీళ్ళిచ్చినందుకు ఆయన థాంక్యూ చెప్పడం అదే మొదలు. తర్వాత తెర వైపు చూసి గొంతు పెంచారు.

"చూశావా అమ్మాయ్? ఇవ్వాలనుంటే ఇవ్వొచ్చు."

తలెత్తి చూస్తే నెత్తి మీద బెల్టు లైటు వెలుగుతూనే ఉంది. తెర పక్కనుంచి పిట్ట నన్నే చూస్తోంది.

నాలుగో రోజుకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటి సి ప్రయాణికుడి ఫిర్యాదు. పేపర్లు దిద్దే తీరికలో, అచ్చు తన గుండ్రటి అక్షరాల్లాగే పొందికైన వాక్యాల్లో, మా ఆయన పేజీ నిండా రాసి పంపారు. ఆ అమ్మాయి తన వస్తువుల మీద చెయ్యి వేసింది. దాహమంటే లైటు వంక పెట్టి నీళ్ళివ్వలేదు. అదే సమయంలో సీనియరు వచ్చి వెంటనే ఇచ్చారు, కాబట్టి లైటు మాట అబద్ధం. పిట్ట కూడా ఒకటి సి మీద రాసింది, మణికట్టు పట్టుకున్నాడని. ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పాల్సింది నేను.

ఆయన తిరిగొచ్చిన రోజు భోజనాల దగ్గర కదిపాను.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది."

"ఉన్నదే రాశాను. లేనిది ఒక్క ముక్క రాశానా?"

"లైటు వెలుగుతోందండీ అప్పుడు."

"మరి నువ్వెందుకిచ్చావు?"

ఆయన నిజంగానే అడిగారు. తరగతిలో లెక్క తప్పిన పిల్లని అడిగినట్టు, ఓపిగ్గా అడిగారు.

"తప్పు ఆ పిల్లది కాకపోతే నువ్వెందుకు లేచొచ్చావు? చెప్పు."

"మీరు దాని చెయ్యి పట్టుకున్నారు. నేను చూశాను."

"సంచి లాగుతుంటే ఆపాను. అదో పట్టుకోవడమా? పోనీ, వెళ్ళి చెప్పు. ఆయన మా ఆయనే, ముందే చెప్పాల్సింది చెప్పలేదు అని కూడా చెప్పు. నీ పాఠాల ఉద్యోగం వస్తుందేమో చూద్దాం."

బెదిరింపు కాదు అది. ఉన్న లెక్క చెప్పారు. నేను నిజం చెబితే నా నేల మీది ఉద్యోగం పోతుంది, ఇంటివాళ్ళందరి టికెట్లూ రెండేళ్ళు ఆగిపోతాయి. అబద్ధం చెబితే పిట్ట పోతుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యానని నా మీద నాకే జాలి వేసింది. తీరా చూస్తే నలిగే చెక్క నేను కాదు.

అప్పటిదాకా కంచంలో వేలు తిప్పుతూ కూర్చున్న అత్తయ్య నెమ్మదిగా నోరు విప్పింది.

"అంటే... వానలు పడే వేళకి అమ్మాయి పురుడుకి నేను వెళ్ళలేనామ్మా?"

మా ఆడపడుచుకి అది తొలి కాన్పు, పెళ్ళయిన పదకొండేళ్ళకి. ఉండేది దూరం. రెండు రోజుల రైలు ఆవిడ తుంటికి కుదరదు. ఆ ఒక్క ప్రశ్నలో నిష్ఠూరం లేదు, బతిమాలడం లేదు. అదే నన్ను చంపింది.

"వెళ్తారు అత్తయ్యా" అన్నాను.

విచారణ మర్నాడు పదకొండింటికి. మా మేనేజరు గది గాజు గోడ అవతల విమానాలు వరసలో నిలబడి వంతు కోసం చూస్తున్నాయి. బల్ల మీద మూడు గ్లాసుల నీళ్ళు, ఎవరూ ముట్టుకోలేదు. పిట్ట నిటారుగా కూర్చుని, ఒక్క మాట తడబడకుండా జరిగింది చెప్పింది.

"లైటు వెలుగుతోంది సార్. మేడం కూడా చూశారు."

మేనేజరు నా వైపు తిరిగాడు. "మీరు నీళ్ళు తీసుకెళ్ళినప్పుడు లైటు వెలుగుతోందా?"

మేనేజరు ముందున్న కాగితంలో నా జవాబుకి ఒక గడి ఉంది. అందులో రాయాల్సిన నిజం ఒక్క వాక్యమే. ఆ ఉంగరం చప్పుడుకి ఇంట్లో నేను లేస్తాను, అక్కడా లేచాను. అంతకంటే వేరే కారణం లేదు. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నూట ఎనభై మందిని చేత్తో సైగ చేసి కూర్చోబెట్టిన దాన్ని, ఆ మాట ఆ మగాడి ముందు ఎలా చెప్పను? ఉద్యోగం, టికెట్లు, అత్తయ్య, అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ వాటన్నిటికంటే ముందు సిగ్గు అడ్డొచ్చింది.

"ఆరాకే వెళ్ళానండీ" అన్నాను.

"చెయ్యి పట్టుకోవడం?"

"నేను తలుపు దగ్గరున్నాను. సరిగ్గా చూడలేదు."

పైలట్లని అడిగితే లైటు సంగతి తేలిపోయేది. పద్దెనిమిదేళ్ళ సీనియరు మాట ఉండగా వాళ్ళనెవరు అడుగుతారు? కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎవరు? మేనేజరు కలం మూత పెట్టేశాడు.

పిట్టని ఆ రోజే తీసేశారు. సాయంత్రం సామాన్ల గదిలో యూనిఫారం అప్పజెబుతుంటే నేనే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలీదు, క్షమిస్తుందని కాబోలు. మెడ రుమాలు నాలుగు మడతలు పెట్టి, పేరు బిళ్ళ దాని మీద పెట్టింది.

"అక్కా అని పిలవాలనిపించట్లేదు మేడం" అంది. "ఒక్కటి అడగనా?"

"అడుగు."

"ఆయన నీళ్ళన్నాడు గానీ గోరువెచ్చనివని అనలేదు. నన్ను రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అనలేదు. మీరు వేడినీళ్ళు కలిపి తీసుకెళ్ళారు." రుమాలు మీద చెయ్యి అలాగే ఉంచి నా మొహంలోకి చూసింది. "ఆయన మీకేమవుతారు మేడం?"

దానికి అన్నీ తెలుసు. విచారణలో ఆ మాట ఎత్తితే నా ఉద్యోగం కూడా పోతుందని తెలిసే ఎత్తలేదు. నేను నిలబెడతానని చివరిదాకా నమ్మి ఎత్తలేదు.

"ఒకటి సి" అన్నాను.

పిట్ట తలూపింది. పాఠం ఒప్పజెప్పిన పిల్లకి టీచరు తలూపినట్టు ఊపి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

ఇంట్లో ఆ సంగతి చెప్పాను. మా ఆయన చేతిలో ముద్ద ఆపారు. "అయ్యో, ఉద్యోగం తీసెయ్యమని నేను రాయలేదే. మందలించమన్నాను, అంతే" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. ఆ బాధ ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా ఉంది.

వేసవి అయిపోయింది. నాకు కాగితం వచ్చింది. కొత్త పిల్లలు ఇరవైమంది, మొదటి రోజు మొదటి పాఠం: మొహం చూడొద్దు, సీటు నంబరు చూడండి. శ్రద్ధగా రాసుకున్నారు. అత్తయ్య మిగిలిన సీట్లో కూర్చుని కూతురి దగ్గరికి వెళ్ళి, మనవరాలిని ఎత్తుకుని, నెల తర్వాత తిరిగొచ్చింది. పాప ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అన్నీ చెప్పింది. చివర్లో, ఆయన లేనప్పుడు, నాతో మాత్రమే ఇంకో మాట చెప్పింది.

"విమానంలో దాహమేసిందమ్మా. గంట నొక్కలేదు. నొక్కితే ఆ పిల్ల వస్తుందేమోనని. లేదని తెలుసు. అయినా నొక్కలేకపోయాను."

ఆ వేసవి తర్వాత మా ఇంట్లో భోజనాల దగ్గర కబుర్లు లేవు. ఇవాళ ఎవరమ్మా అని అత్తయ్య అడగదు. చిటికెలాయన్ని మా ఆయన మళ్ళీ చూపించలేదు. ముగ్గురం తలలు వంచుకుని, తినాల్సింది తిని లేస్తాం.

ఒక వాన రోజు కూడా అలాగే తింటున్నాం. కిటికీ చూరు మీద చినుకుల మోత. ఆయన ఉంగరంతో గ్లాసు అంచు మీద కొట్టారు. టిక్, టిక్, టిక్. లేవకూడదనుకున్నాను. ఆ రోజు లేవకుండా ఉండాల్సింది, పోనీ ఈ రోజైనా లేవను అనుకుని, వేళ్ళు కంచం అంచుకి బిగించి కూర్చున్నాను. ఆయన తలెత్తలేదు. మళ్ళీ కొట్టారు. చేతికి అందేంత దూరంలో జగ్గు ఉంది.

మూడోసారి మోగేసరికి, అత్తయ్య బల్ల మీద రెండు చేతులూ ఆనించి, తుంటి పట్టుకుని లేవబోయింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా" అని నేనే లేచాను.

గ్లాసులో నీళ్ళు పోశాను. కాస్త వేణ్ణీళ్ళు కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్క చుక్క తొణకలేదు. ఆ విషయంలో నాకు మా ఆఫీసులో మంచి పేరుంది.